పుంజుగారి మరపు

నల్లపెట్ట పడుచుతనంలో ఆకలికి ఆగలేక ఒక గుడ్డు పొడుచుకు తింది. దొడ్డి పెద్దలు దాని ముక్కు కొస కాల్చారు, ఇక పొదగకూడదన్నారు. పుంజుగారు పోట్లాటలో ఒక గూటిలోని గుడ్లన్నీ తొక్కి పగలగొడితే మాత్రం పౌరుషం అన్నారు.

ఏళ్లు గడిచాక పుంజుగారికి దయ పుట్టి కొత్త చట్టం చేశారు. శిక్ష తీరినవాళ్లు పొదగవచ్చు, వాళ్ల పాత తప్పు ఎవరూ ఎత్తకూడదు.

దొడ్డికి కొత్తగా వచ్చిన బాతు ఆ సాయంత్రమే నల్లపెట్ట దగ్గరికొచ్చింది.

"వదినా, నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. నా గుడ్లు పొదిగిపెట్టవూ?"

నల్లపెట్ట మురిసిపోయి, గడ్డి సర్దుకుని గుడ్ల మీద కూర్చుంది.

తెల్లవారగానే పుంజుగారు దొడ్డి మధ్య నిలబడి మెడ సాచారు.

"వినండహో! నల్లపెట్ట గుడ్డు తిన్న సంగతి మనమందరం మరచిపోయాం!"

బాతు ఆ సంగతి వినడం అదే మొదలు. గుడ్లన్నీ దొర్లించుకుపోయి, భద్రంగా ఉంటాయని పుంజుగారి కాళ్ల దగ్గర పెట్టింది.

"మరచిపోయినవారు కూయడమెందుకండీ?" అంది నల్లపెట్ట, ఇంకా వెచ్చగా ఉన్న గడ్డి మీంచి లేవకుండా.

"పిచ్చిదానా! కూయకపోతే నేను క్షమించానని లోకానికెలా తెలుస్తుంది?" అంటూ పుంజుగారు రొమ్ము విరుచుకుని అడుగేశారు. కాలి కింద ఏదో పటుక్కుమంది.

దాన్ని మాత్రం ఆయన కూయకుండానే మరచిపోయారు.