అన్నిటికీ ‘లేదు’

"నా రక్తపరీక్షలో ఏమీ లేదని ఇప్పుడేగా చెప్పారు! మళ్ళీ ఈ చెత్త ప్రశ్నలేమిటి?" అంటూ ఆ పెద్దమనిషి కాగితాన్ని బల్ల మీదికి విసిరికొట్టాడు.

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ దాన్ని మళ్ళీ అతని ముందుకే తోసింది. పొద్దుట్నించి ఇలాంటివాళ్ళతో వేగలేక ఆమెకీ ఒళ్ళు మండిపోతోంది.

"పరీక్షకి అన్నీ దొరకవండీ. వైరస్ ఒంట్లోకొచ్చిన కొత్తలో, ఓ నాలుగు వారాల దాకా ఏ మిషనూ పట్టుకోలేదు. ఆ సంగతి మీ నోటితో మీరే చెప్పాలి."

"అవతల నా తమ్ముణ్ణి ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు! వాడి గ్రూపు రక్తం ఊరంతా గాలించినా దొరకలేదు. నా ఒంట్లో ఉంది, తీసుకోండి మహాప్రభో అంటుంటే క్విజ్ పెడతారా?"

"తీసుకుంటాను. ముందు జవాబులు చెప్పండి. ఈ ఏడాదిలో పచ్చబొట్టు పొడిపించుకున్నారా?"

"లేదు!"

"ఇంట్లో ఎవరికైనా కామెర్లు?"

"లేదు! అందరం గుండ్రాళ్ళలా ఉన్నాం."

"పరాయి ఆడవాళ్ళతో..."

"నోరు జాగ్రత్త! నా భార్య ముందే అడుగుతావా?" అతని మొహం కందగడ్డలా అయింది. "ఏమే, నువ్వు చెప్పవే! నేనలాంటివాణ్ణా?"

పక్క కుర్చీలో భార్య తల వంచుకుని చేతిసంచి పట్టీని మెలిపెడుతోంది. టెక్నీషియన్ ఆవిడ వంక చూసింది. ఈ మహానుభావుడు ఎక్కడెక్కడ ఏం వెలగబెట్టాడో! ఇక్కడ నోరు విప్పితే ఇంటికెళ్ళాక ఆవిడ వీపు విమానం మోతే కాబోలు.

"ఆవిణ్ణి కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. ఉందా, లేదా?"

"లేదు! నా తమ్ముడి మీద ఒట్టు!" "వాడికిద్దరు పసిపిల్లలమ్మా. త్వరగా తీయండి."

అన్నిటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టి, బరబరా సంతకం గీకేశాడు. ఇక కాదనడానికి ఆమె చేతిలో ఏముంది? పరీక్ష బాగుంది, కాగితం బాగుంది. విసురుగా అతన్ని మంచం మీద పడుకోబెట్టి, జబ్బకు పట్టీ బిగించి, సూది చేతిలోకి తీసుకుంది. అప్పటికీ మనసొప్పక భార్య వైపు తిరిగింది.

"ఈయనకి భయపడి ఏదైనా దాస్తుంటే ఇప్పుడే చెప్పెయ్యమ్మా. ఈ రక్తం కాసేపట్లో నీ మరిదికి ఎక్కిస్తారు. తర్వాత ఏడ్చినా లాభం లేదు!"

"అది నోరు విప్పదు, మీరు కానివ్వండి!" అని మంచం మీంచి అరిచాడు భర్త.

ఆవిడ ఒక్క ఉదుటున లేచి వచ్చి సూది ఉన్న చేతిని గట్టిగా పట్టేసుకుంది.

"వద్దు మేడం! ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. పది రోజుల క్రితం రిపోర్టు వచ్చింది. కామెర్ల వైరస్ ఉన్నది నాకు."