గేరు రాడ్డు

బళ్లన్నీ తమ గేర్లు తామే వేసుకుంటున్న కాలంలో హైమవతి పట్టుబట్టి, కాలితో గేరు మార్చే టూరింగ్ మోటారు సైకిలు కొనుక్కుంది. బెజవాడ హైవే మీద నూటపదిలో పోతున్నా ఒంటికి వణుకు తెలియదు. వెనక కూర్చున్న మొగుడు రంగనాథ్ హాయిగా కునుకు తీస్తాడు. ఆ హాయే ఆమెకు అనుమానం తెచ్చింది. ఎంత మొరటుగా గేరు మార్చినా ఒక్క కుదుపూ రాదేం?

నకిరేకల్ దాటాక పరీక్ష పెట్టింది. గేరు వేయబోతున్నట్టు రాడ్డుకి కాలు ఆనించి, నొక్కకుండా ఊరుకుంది. టక్కుమని చప్పుడైంది. టాప్ గేరు పడింది.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు వంగి ఆ రాడ్డు లాగింది. బొమ్మ చెయ్యిలా ఊడి వచ్చింది. లోపల అది దేనికీ తగిలించి లేదు.

"పోనీలేవే, గేర్లు పడుతున్నాయిగా," అన్నాడు రంగనాథ్.

"అదేగా నా భయం."

రాడ్డుని సంచిలో పడేసి బండెక్కింది. గేర్లు ఎప్పట్లాగే పడ్డాయి. కోదాడ దాటాక రోడ్డు మలుపు తిరుగుతుంటే, ఆమె చూపు హ్యాండిల్ మీదున్న తన చేతుల మీదికి పోయింది. గుండె చిక్కబట్టుకుని, తిప్పకుండా ఊరికే పట్టుకుంది. బండి నున్నగా ఒరిగి, మలుపు తిరిగి, తిన్నగా సాగింది.

"బాగా తిప్పావు," అన్నాడు వెనక నుంచి రంగనాథ్.