చూడగానే గుర్తుపడతాను

"అత్తయ్యా, అటు చూడండి! డోలు ఒక దారి, ఆయన కాళ్ళు ఇంకో దారి!" అంది జూరి నవ్వాపుకోలేక.

వాకిట్లో హుసొరి జోరు మీదుంది. బిహు పండక్కి ఇల్లిల్లూ తిరిగి, ఆడిపాడి, ఇంటివాళ్ళను దీవించి పోయే ఊరి జట్టు అది. దాని మధ్యలో బక్కపలచని కొత్త మనిషొకడు తాళం తప్పి గంతులేస్తున్నాడు.

పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళను చూసి ఆయనా నవ్వుతున్నాడు.

తరులతకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ చూపంతా వీధి గేటు మీదే ఉంది.

భర్త పోయి, నోట మాట రాక కూర్చున్న రోజుల్లో కోడలు జూరి ఆవిడకు ఫేస్‌బుక్ నేర్పింది. తరులత అందులో కవితలు రాసింది. సొంత చుట్టాలే చూసీ చూడనట్టు పోయారు.

'కొపౌ పువ్వు' అన్న మారుపేరుతో ఒక్కరు మాత్రం, అక్కను పిలిచినట్టు బాయిదేవ్ అని పిలిచి, ప్రతి కవిత కిందా రాసేవారు.

"చదివాను బాయిదేవ్. ఇంకోటి రాయండి."

ఆ మాట కోసమే ఆవిడ ఇంకోటి రాసింది. ఆ మాటే లేకపోతే తను ఏమైపోయి ఉండేదో తలుచుకోవడానికే ఆవిడకు భయం.

అందుకే ఈ బిహుకి మగ్గం ముందు కూర్చుని, కళ్ళు నొప్పెట్టేలా, పండగకి గౌరవంగా ఇచ్చే ఎర్రంచు తువ్వాలు గమోసా ఒకటి నేసింది. ఫేస్‌బుక్‌లో అందరికీ కనపడేలా రాసింది.

"కొపౌ గారూ, మీ బిహు కానుక నేసి ఉంచాను. హుసొరితో కలిసి మా వాకిట్లోకి రండి. పేరు చెప్పొద్దు. చూడగానే గుర్తుపడతాను."

పాట ఆగింది. జట్టు పెద్ద గిరిన్ మోకాళ్ళ మీద కూర్చుని ఇంటిని దీవించాడు. తరులత అతనికి తాంబూలం, సంతలో కొన్న గమోసా ఇచ్చింది. మిగతావాళ్ళు పిఠాలనే నువ్వుల పిండివంటల మీద పడ్డారు.

కొత్త మనిషి మాత్రం నేరుగా ఆవిడ ముందుకొచ్చి దోసిలి పట్టాడు.

తరులత తను నేసి భుజాన వేసుకున్న గమోసాను గబుక్కున వెనక్కి లాక్కుంది.

"ఇది మీకు కాదండీ. ఒక పెద్దమనిషి కోసం నేసింది."

ఆయన నవ్వాడు. దోసిలి తియ్యలేదు.

"ఏ ఊరు మీది?"

ఆయన మళ్ళీ నవ్వి తలూపాడు.

"అబ్బో, మాట కూడా బరువే!" అంది జూరి.

"ఎవరు గిరిన్ ఈయన?" అని అడిగింది తరులత.

"ఏమో పిన్నీ, బస్టాండు దగ్గర కలిశాడు. పండగపూట ఎవరొస్తే మాత్రం వద్దంటామా?"

"ఎవరి కోసమో చూస్తుంటే ఎవరో తగులుకున్నారు. ఇంద, తీసుకుని దయచెయ్యండి," అంటూ తరులత సంతలో కొన్న గమోసా ఇంకోటి తెచ్చి ఆయన చేతుల్లో పడేసింది.

ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. వంగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలింది. ఇంకెవరూ రాలేదు.

"రాడులెండి. ఏ ప్రొఫెసరో అయ్యుంటాడు, మన వాకిలి కంటికి ఆనుతుందా?" అంది జూరి.

తరులత గమోసా మడత పెడుతుంటే ఫోనుకి మెసేజొచ్చింది. కొపౌ పువ్వు. ఆవిడ చదవమని ఫోను కోడలికిచ్చింది. జూరి పైకి చదివింది.

"బాయిదేవ్, అన్నమాట నిలబెట్టుకున్నారు. అంతమందిలో నన్ను గుర్తుపట్టి, నాతోనే మాట్లాడి, కానుక చేతిలో పెట్టారు. జ్వరంలో చెవులు పోయాక నాకు పాటంటే మీ కవితే. ఈ జన్మకిది చాలు."

జూరి ఆఖరి ముక్క మెల్లగా చదివింది.

"ఇచ్చేటప్పుడు మీరేమన్నారో వినపడలేదు గానీ, అది దీవెనే అని నాకు తెలుసు."