చిటికెనవేలి గోరు

కుండలు కాల్చే ఆవంలో ఏదో ఠప్పుమంది.

సుప్రజ చెయ్యి గుండె మీదికి పోయింది. పొద్దున్నుంచి అది మూడో చప్పుడు. మట్టిపూత కింద, చల్లారే బూడిదలో, ఏదో కుండ పగిలిందని ఆమె భయం.

బాలస్వామి అయ్యోరు ఉండి ఉంటే ఆవం చుట్టూ ఒకసారి తిరిగి, "చల్లారుతాండాదిలేమ్మా, దాన్ని పలకరించొద్దు" అని నవ్వేవాడు.

ఆయన పోయి ఇరవై రోజులైంది. మైదుకూరు శివారులోని ఈ రేకుల షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లకు కుండలు చేయడం నేర్పినవాడు, ఒక మధ్యాహ్నం అన్నం తిని, గోడకు ఆనుకుని, అట్లాగే వెళ్లిపోయాడు.

షెడ్డు ఎరువుల అంగడి మునిరత్నానిది. అయ్యోరి మీద గౌరవంతో ఊరికే ఇచ్చాడు. ఇప్పుడు కూడా కటువుగా ఏమీ అనలేదు. అయ్యోరు లేకుండా ఒక్క ఆవం కాల్చి చూపించమన్నాడు, అంతే. చేతనైతే ఉండండి, కాకపోతే తాళంచెవి ఇచ్చేయండి, ఎరువు మూటలు వేసుకుంటానన్నాడు.

అందరూ సుప్రజ వైపు చూశారు. మిగతావాళ్లు ఇంకా మూకుళ్లు, ప్రమిదల దగ్గరే ఉన్నారు. నీళ్లకుండ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. రెండేళ్లలో ఆమె కుండ ఒక్కటి కూడా ఆవంలో పగల్లేదు.

ఆ పేరే ఇప్పుడు ఆమెను వణికిస్తోంది.

ఆవం విప్పడం ఆమె ఏనాడూ చూడలేదు. వేడి బూడిద మీ కళ్లకొద్దని, తెల్లారకముందే అయ్యోరే వచ్చి విప్పేవాడు. వీళ్లు వచ్చేసరికి కుండలు నీడలో వరసగా ఉండేవి. మెడ కింద తను చిటికెనవేలి గోటితో నొక్కిన నెలవంక గుర్తు చూసి, సుప్రజ తనవి తను లెక్కపెట్టుకునేది. నలభైకి నలభై.

చేరిన కొత్తలో ఎండిన పచ్చికుండ ఒకటి ఆమె చేయి జారింది. వెంటనే రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని మూలన కూలబడింది. అత్తగారింట్లో గిన్నె జారితే ఏం జరిగేదో ఆమె చెప్పలేదు. అయ్యోరు అడగలేదు. ఆ ముక్కలను నీళ్లలో నానబెట్టి, మర్నాడు మళ్లీ ముద్ద చేసి ఆమె ముందు పెట్టాడు.

పచ్చిమట్టికి గాట్లు పడకుండా ప్రతి సోమవారం అందరి గోళ్లూ కత్తిరించేవాడు. తన ఎడమ చిటికెనవేలి గోరు మాత్రం పెంచుకుని, రాతి మీద అరగదీసుకునేవాడు.

"మా గోర్లయితే కత్తిరిస్తారు, మీదేమో పెండ్లికొడుకు మాదిరి సాకుతాండారే" అని సుప్రజ ఎగతాళి చేస్తే, "చెవి గీరుకోవాల కదమ్మా" అనేవాడు.

చర్చి వాళ్లు శవపెట్టె తెచ్చేలోపు ఆయన చేతులు కడిగింది సుప్రజే. మట్టి పని చేసిన మనిషి ఇంత గోరుతో పోకూడదని, దాన్ని తనే కత్తిరించింది.

స్కూటరు ఆగింది. మునిరత్నం దిగాడు.

"కానీమ్మా, ఎండెక్కుతాండాది."

అయ్యోరి ఇంటి వెనకుండే బొజ్జన్న కూడా తోపుడుబండితో వచ్చి నిలబడ్డాడు. బూడిద చేనికి తోలుకుపోవడానికి ప్రతిసారీ వస్తాడని ఆమెకు తెలుసు.

సుప్రజ పూత తీసింది. శనక్కాయ పొట్టు బూడిద ముఖాన కొట్టింది. మొదటి కుండ తీసి వేలికణుపుతో తట్టింది. ఖంగుమంది. రెండోదీ అంతే. ఏడోది మాత్రం మూగగా పలికింది. పదకొండోదానికి మెడే ఊడి చేతికొచ్చింది.

నలభై కుండల్లో తొమ్మిది పోయాయి.

ఆమె చేతులు వాటంతట అవే తల మీదికి వెళ్లాయి. కొంతసేపటికి తేరుకుని, కొంగుముడి విప్పి తాళంచెవి చాపింది.

"తీసుకో అన్నా. అయ్యోరుండంగా ఒక్కటి పగల్లేదు. ఇది నాతో కాదు."

బొజ్జన్న పెంకుల వైపు చూశాడు. తన బండి వైపు చూశాడు.

"ఇంతేనా? తొమ్మిదేనా?"

"ఎగతాళా మామా?"

"ఎగతాళి కాదు పాపా. పోయినసారి పద్నాలుగు మోసినా. మొట్టమొదటి ఆవానికైతే ముప్పై. బండి రెండుసార్లు తిరిగింది."

"ఏం మోసినావు?"

"నీ కుండల పెంకులే. బూడిద కింద కప్పిపెట్టి."

బొజ్జన్న ఇక దాచలేదు. అయ్యోరు ఇంట్లో కుండలు చేసి, బొజ్జన్న పెరటిగుంతలో కాల్చి, తెల్లారకముందే తెచ్చి పగిలినవాటి చోట పెట్టేవాడట. సుప్రజ కుండల మెడ కొంచెం ఎడమకు వాలుతుంది. నిటారుగా చేయడం కన్నా ఇట్లా వంకరగా చేయడమే శానా కష్టంగా ఉండాదని గొణుక్కునేవాడట. ఆ పాపకు భయం తీరేదాకా నోరు మెదపొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

మునిరత్నం ఒక మంచి కుండను తట్టి విన్నాడు. తాళంచెవి అందుకోలేదు.

"కొంగుకే కట్టుకోమ్మా. అంగడికి రెండు కుండలు తీసిపెట్టు" అని స్కూటరు ఎక్కాడు.

సుప్రజకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు.

"వాటి మీద నా గుర్తుండేదే మామా."

అది తనకు తెలియదన్నాడు బొజ్జన్న.

ఆమె షెడ్డులోకి వెళ్లింది. పోయినసారి ఆవంలోంచి దిగిన కుండ మూలన ఉంది, రోజూ అందరూ నీళ్లు తాగేది. దాని మెడ కింద నెలవంకలో తన చిటికెనవేలి గోరు ఆనించింది.

కుదరలేదు. నెలవంక వెంట్రుకవాసి వెడల్పుగా ఉంది. అది ఆమె గోరు నొక్కింది కాదు.

చెవి గీరుకోవడానికని చెప్పి, రెండేళ్లపాటు రాతి మీద అరగదీసి అయ్యోరు తన వేలికి తెచ్చుకున్న సుప్రజ గోటిని, ఆయన్ను పెట్టెలో పెట్టకముందు సుప్రజే కత్తిరించి పారేసింది.