నల్ల చారలు

ఇంటి వెనక చెక్క వసారాలాంటి డెక్ కింద ఎవరో దూరారు.

పొయ్యి కట్టెల కోసం పెరట్లోకి వచ్చిన డోరీన్‌కి ముందు బూట్లు కనిపించాయి. తర్వాత ఆ బూట్లు కదిలాయి.

ఆమె గోడకి ఆనించి ఉన్న చీపురు తిరగేసి పట్టుకుంది.

"ఎవరయ్యా అది? బయటికి రా!"

నెరిసిన గడ్డం మనిషి ఒకడు పాక్కుంటూ బయటికొచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవర్. మరో చేత్తో టోపీ తీశాడు.

"నా పేరు ఐవర్ అమ్మా. దారిన పోతూ చూశాను. మీ డెక్ మేకుల కింద నల్ల చారలు కారుతున్నాయి."

"కారితే నీకేం?"

"దేవదారు చెక్కకి మామూలు ఇనప మేకులు పడవమ్మా. చెమ్మ తగిలితే చెక్క రసం మేకుని తినేస్తుంది. గోడకి బిగించిన దూలం మెత్తబడిపోయింది. ఈ స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగింది."

దిగదూ మరి! పొడిచిందెవరు? అనుకుంది డోరీన్.

ఇంటి గోడ నుంచి సరస్సు ఒడ్డు రాళ్ల మీదికి ఎత్తున చాచిన ఆ డెక్ ఆమె భర్త ఆలెక్ తన చేతులతో కట్టింది. ఉన్నన్నాళ్లూ ప్రతి వసంతంలోనూ నూనె పట్టించేవాడు. ఆయన పోయాక డోరీన్ ఏటా మందంగా రంగు వేయిస్తోంది. చలికాలం మంచు కరిగేసరికి చారలు మళ్లీ పైకి తేలేవి. ఆమె మళ్లీ రంగు పూయించేది.

"బాగు చేయడానికి ఎంతడుగుతావ్?"

"నేను వడ్రంగిని కాదమ్మా. ఊరికే చెబుతున్నాను."

"ఊరికే చెప్పేవాళ్లతోనే భయం!"

"రేపు పండగ కదా. దీని మీదికి ఎవర్నీ రానివ్వకండి. అవతలి ఒడ్డున కూలిన డెక్ కూడా ఇలాగే..."

కంచె మీదనుంచి పక్కింటి ఫ్లోరా తల పైకి లేచింది.

"వీడా! మొన్న మా చెల్లెలింటి కింద కూడా దూరాడే డోరీన్! అక్కడి అద్దె బంగళాలో డెక్ కూలి పెళ్లికూతురు పోయిందా, అప్పట్నుంచీ ఇలాంటివాళ్లకి ఈ భయపెట్టే వ్యాపారం బాగా దొరికింది."

డోరీన్‌కి ఒళ్లు మండిపోయింది.

"సిగ్గులేదూ? చచ్చిపోయిన పిల్ల పేరు చెప్పుకుని బతుకుతావా? నీకో కూతురుంటే తెలిసేది!"

ఐవర్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ డెక్ మెట్లవైపు ఒకసారి చూశాడు. ఆ చూపు డోరీన్‌కి బొత్తిగా నచ్చలేదు.

థాంక్స్‌గివింగ్ పండగ నాడు ఇంటిల్లిపాదీ వెనక సరస్సు కనిపించేలా ఆ డెక్ మీద నిలబడి ఫొటో దిగడం ఆలెక్ పెట్టిన ఆనవాయితీ. ఈసారి మనవరాలు బ్రిన్‌కి అది మొదటి ఫొటో. సాయంత్రమే డోరీన్ డెక్ మీద పొడుగు బల్ల వేయించి, పిట్టగోడ పక్కన పాప కుర్చీ కూడా పెట్టించింది.

తెల్లారేసరికి తడిమంచు దట్టంగా పడి డెక్ మీద పేరుకుంటోంది.

డోరీన్ డెక్ వైపు తలుపు తోసింది. తెరుచుకోలేదు. అద్దంలోంచి చూస్తే బయట అడ్డంగా ఒక పలక బిగించి ఉంది. పెరట్లో మెట్లు ఊడదీసి, మంచులో పడుకోబెట్టి ఉన్నాయి.

"నేను చెప్పానా లేదా!" అంది ఫ్లోరా.

డోరీన్ పిలిపించిన పోలీసు గ్రీర్‌కి ఎక్కువ వెతికే పని పడలేదు. ఐవర్ పారిపోలేదు. రోడ్డు పక్కన తన పాత బండిలో కూర్చుని ఇంటివైపే చూస్తున్నాడు.

"చేసింది నేనే. పదండి," అన్నాడు. డోరీన్‌వైపు తిరిగి, "ఆ పలక మాత్రం తీయకండమ్మా," అన్నాడు.

"ముందు నీ సంగతి చూసుకో!"

అల్లుడు డూగల్ పలక ఊడదీస్తానని లేచాడు.

"కాల్చిన టర్కీ కోడి చల్లారిపోతుంది. తిన్నాక ఆ పని చూద్దువుగాని," అంది కూతురు టెస్సా.

మూతి ముడుచుకునే డోరీన్ లోపల బల్ల ముందు కూర్చుంది.

డూగల్ టర్కీ కోస్తుండగా ఇల్లంతా అదిరింది. ఏదో చీలిన చప్పుడు.

అద్దాల తలుపు అవతల డెక్ లేదు. పడుతున్న మంచు, దాని వెనక సరస్సు. అంతే.

ఎంతో లోతున, ఒడ్డు రాళ్ల మీద, పాప కుర్చీ కాళ్లు పైకి పెట్టి పడి ఉంది.

డోరీన్ బ్రిన్‌ని గుండెకి హత్తుకుని ఎవరికీ ఇవ్వలేదు. పాప ఊపిరాడక ఏడిస్తేగానీ చేతులు సడలలేదు.

ఆ తర్వాత పండక్కి గుమ్మడికాయతో చేసిన తీపి రొట్టెలో సగం కోసి, పళ్లెంలో పెట్టుకుని, పోలీసు స్టేషన్‌కి పరుగెత్తింది.

"ఆయన్ని వదిలేయండి బాబూ! తప్పంతా నాది. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"ఎప్పుడో వదిలేశానమ్మా. మీరు నిన్న అన్నమాట కూడా చెప్పాడు."

"ఎక్కడున్నాడు? ఏ ఊరు?"

"ఇల్లు అమ్మేశాడట. ఆ బండే ఇల్లు. ఇలాగే ఒడ్డు వెంట ఇంటింటి కిందా దూరి చూసుకుంటూ పోతున్నాడు. ఎటు వెళ్లాడో నాకూ తెలీదు."

డోరీన్ చేతిలో పళ్లెం బరువెక్కింది.

"ఆమెకి నిజం చెప్పాల్సింది కదయ్యా అన్నాను," అన్నాడు గ్రీర్. "పసిపాప మొదటి పండగ, ఆ కబురు ఎలా చెప్పను అన్నాడు."

"ఏ కబురు?"

గ్రీర్ కళ్లు దించుకున్నాడు.

"ఆ బంగళా డెక్ మీద ఫొటోకి నిలబడిన పెళ్లికూతురు ఆయన కూతురేనమ్మా."