తడిచేతుల మనిషి

"తడిచేతులతో నా మొహం మీదికొస్తావేంటి? దూరం జరుగు."

మీద బల్లి పడ్డట్టు విదిలించుకుని వెనక్కి జరిగింది మోడల్ పిల్ల.

ముక్కులూ కనుబొమలూ కుట్టే ఆ చిన్న దుకాణంలో అప్పుడున్నది ముగ్గురే. మోడల్ పిల్ల, తోడొచ్చిన ఆమె వదిన, సింకు దగ్గర స్టీలు పళ్లేలు తోముతూ మధ్యలో వచ్చిన ఓ ముసలామె.

"ముక్కు ఎర్రగా కనిపిస్తేనూ, చూద్దామని వచ్చానమ్మా."

"చూడ్డానికి నువ్వెవరు? ఆ రోజు నాకు కుట్టిన డాక్టరమ్మను పిలువు."

"ఓనరమ్మ సరుకు కోసం బయటికెళ్లింది. పనేంటో నాతో చెప్పొచ్చు."

"నీతో చెప్పేదేంటి?"

అసలే ముక్కు మీద కోపం ఉండే మనిషి. ఓ నగల దుకాణంవాళ్లు తమ కొత్త ముక్కుపుడక ప్రకటనకి ఆమె మొహాన్ని ఎంచుకున్నాక కళ్లు నెత్తికెక్కాయి. ముక్కు చిన్నప్పుడే కుట్టించుకున్నానని నదురూ బెదురూ లేకుండా వాళ్లకి అబద్ధం చెప్పింది. మర్నాడే ఇక్కడికి పరిగెత్తుకొచ్చి కుట్టించుకుంది.

అది కుట్టించుకుని ఇంకా అయిదు వారాలే అయింది. రేపు పదకొండింటికి ఫొటోలు. వాళ్లు పంపిన రవ్వల పుడక పెట్టుకుంటే ఊరంతా తన మొహమే. పెట్టుకోలేకపోతే అబద్ధం బయటపడి, ఆ అవకాశం ఇంకో ముక్కు పాలవుతుంది.

లోకంలో ఆమె మెచ్చుకునే మనిషంటూ ఉంటే, ఆ రోజు ముక్కు కుట్టినావిడ ఒక్కతే. ఆవిడ మాస్కు వెనక ఎవరున్నారో చూసింది లేదు. మాటా పలుకూ విన్నది లేదు. సూది పొట్లం చించిన చప్పుడుకే మన వీరనారి కళ్లు గట్టిగా మూసేసుకుంది. తెరిచేసరికి పనైపోయింది. ఎదురుగా ఓనరమ్మ అద్దం పట్టుకుని నిలబడి ఉంది.

"చీమ కుట్టినట్టు కూడా లేదు వదినా. చెయ్యంటే అదీ. ఎంత పెద్ద చదువు చదివిందో," అని అప్పట్నుంచీ వదిన చెవిలో ఒకటే ఊదరగొడుతోంది.

ముసలామె ఆమె చేతిలో తెరిచి ఉన్న పుడక డబ్బీకేసి దూరం నుంచే చూసింది.

"దీని కాడ లావమ్మా. నీ ముక్కు పైకి ఆరినట్టుంది గానీ లోపల పచ్చిగానే ఉంటుంది. ఇంకో మూడు నెలలైనా ఆగాలి."

"నాకు రేపే కావాలి."

"తప్పదంటే దీనికి సన్నకాడ వేయించుకురా, నేను పెడతాను. ఇంట్లో మాత్రం ఉన్నది తియ్యకు. తీస్తే మళ్లీ దారి దొరకదు."

"నువ్వు పెడతావా? గిన్నెలు తోమే చేత్తో నా ముక్కుకా?"

వదినకి ప్రాణం చచ్చిపోయింది. "పెద్దావిడ. చెప్పింది విందాం," అంది మెల్లగా.

"నువ్వూరుకో వదినా. తోమేవాళ్లు కూడా సలహాలిస్తే ఇక చదువుకున్నవాళ్లెందుకు? ముక్కూ మొహం తెలియని మనిషి."

ముసలామె ఏమీ అనుకున్నట్టు లేదు.

"సాయంత్రం ఆరింటిదాకా ఇక్కడే ఉంటానమ్మా. మనసు మారితే రా," అని సింకు దగ్గరికి వెళ్లిపోయింది. ఓ పళ్లెం ఎత్తి, వెలుగుకి పట్టి చూసి, నచ్చక మళ్లీ తోమడం మొదలెట్టింది.

నాలుగింటికి ఇంట్లో అద్దం ముందు కూర్చుంది మోడల్ పిల్ల. పాత పుడక సులువుగానే వచ్చింది.

"చూశావా, ఏమైనా అయిందా? ఉత్తుత్తి బెదిరింపులు."

కొత్తది గుచ్చింది. తిప్పింది. పళ్లు బిగబట్టి నెట్టింది. కాడ లోపలెక్కడో ఆగిపోయింది, రక్తం మాత్రం బయటికొచ్చింది.

"ఇంకా ఆరు కాలేదు. ఆవిడ దగ్గరికి వెళ్దాం పద," అంది వదిన.

"ఆ ముసలిదాని దగ్గరికా? చచ్చినా వెళ్లను."

పోనీ పాతదే పెట్టేద్దామనుకుంది. అదీ ఎక్కలేదు.

తెల్లారేసరికి ముక్కు ఓ పక్క వంకాయలా నిగనిగలాడుతోంది.

తొమ్మిదింటికి దుకాణం తలుపు తీస్తూనే ఓనరమ్మ మీద పడింది మోడల్ పిల్ల. "మీ డాక్టరమ్మని పిలవండి. పదకొండింటికి నాకు ఫొటోలున్నాయి."

ఓనరమ్మ ఆ ముక్కు చూసి తల అడ్డంగా ఊపింది.

"ముందు ఆసుపత్రికెళ్లండి. ఇవాళ ఫొటోల మాట మరిచిపోండి. నిన్ననే వచ్చుంటే ఆవిడ చూసుకునేది. లోపలి దారి ఆవిడ చేతికే తెలుస్తుంది."

"నిన్న వచ్చాను. ఆ గిన్నెలు తోమే మనిషి అడ్డుపడి, లేనిపోని మాటలు చెప్పి తిప్పి పంపింది. ముందు ఆమెని పనిలోంచి తీసెయ్యండి."

వదిన సంచిలో ఫోను మోగింది. నగల దుకాణంవాళ్లు. వదిన ఎత్తలేదు.

"తీసెయ్యక్కర్లేదు," అంది ఓనరమ్మ. "పొద్దున్నే బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇక రాదు. పోయిన వారమే వెళ్లాల్సింది, మీ ముక్కు మానిందో లేదో చూసి వెళ్తానని ఆగింది."

"నా ముక్కుతో ఆమెకేం పని?"

ఓనరమ్మ ఆరిపోయిన సింకుకేసి, దాని పక్కన తెల్లగుడ్డ కప్పిన పళ్లేలకేసి చూసింది.

"ఇక్కడ తోమడానికి వేరే మనిషంటూ ఎప్పుడూ లేదండీ. ఏ పళ్లెంలో సూది పెట్టుకుని మీ ముక్కు కుట్టిందో, ఆ పళ్లెం ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చేది కాదు ఆవిడ. ముప్పయ్యేళ్లూ తనే తోముకుంది."