బిగించినవాడు

"పిన్నిగారూ, మీ మేడ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించింది నేనేనని ఈయనకొక్క మాట చెప్పండి," అన్నాడు మెకానిక్.

పక్కనున్న మేష్టారు నమ్మి అడ్వాన్సు ఇస్తేనే అతని కొత్త వ్యాపారానికి బోణీ. చేతిలో వేరే పెట్టుబడి లేదు.

ఆవిడ ఎగాదిగా చూసింది. "నువ్వా? ఫైలు పట్టుకొచ్చిన కంపెనీ ఆయన కదయ్యా బిగించింది?"

"ఆయన మీ హాల్లో ఫ్యాను కింద కూర్చున్నారండీ. మూడు రోజులు పైన ఎండలో మాడింది నేను."

"ఏమో నాయనా! పైకెక్కినవాళ్ళ మొహాలు ఎవరు చూశారు?"

"చూద్దాంలే అబ్బాయ్," అంటూ మేష్టారు చెప్పులు తొడుక్కున్నారు.

ఆరేళ్ళు ఊరి మేడలన్నీ ఎక్కిదిగిన తనకు సాక్ష్యం చెప్పే గడప ఒక్కటీ లేదని మెకానిక్‌కు అప్పుడర్థమైంది.

"ఎలాగూ వచ్చావు, ఆ ప్యానెళ్ళ మీద దుమ్ము కాస్త తుడిచి పో," అందావిడ. "మెట్లు వెనకవైపున్నాయి."